ఒక్క మాటలో చెప్పే పెద్దమనిషి

ఆయన పోయాడన్న సంగతి కూడా గ్రూపులోనే తెలిసింది. ఉదయం కొట్టు తీసి గాజుల పెట్టెల మీద దుమ్ము దులుపుతుంటే ఫోను ఆగకుండా మోగింది. చూస్తే వరసగా దండాలు, దీపాలు, తెల్ల పావురాలు. "సంగీత, మీడియా, వ్యాపార రంగాలకు తీరని లోటు" అని ఒకాయన రాశాడు. కింద వచ్చినవాళ్ళంతా ఆ వాక్యాన్నే ఎత్తి, ఎవరికి వారు సొంతంగా రాసినట్టు పెట్టుకున్నారు. ఎవరో తొందరలో పుట్టినరోజు కేకు బొమ్మ పెట్టి, వెంటనే తీసేసి, దీపం పెట్టారు.

నాకు ఏడుపు రాలేదు. తెచ్చుకోవాలని కూడా అనిపించలేదు. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలని మా ఇంట్లోనూ చెప్పే పెంచారు. కానీ ఆ మూడు రంగాలకూ ఆయన చేసింది దగ్గర్నుంచి చూసినదాన్ని. అందుకే రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. రాస్తే ఆయనకు సంతోషం.

మాది ఉదయగిరి. బస్టాండు పక్కన గాజులు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు అమ్మే ఫ్యాన్సీ కొట్టు నాది. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో పాటలు వింటూ కూర్చోవడం అలవాటు. మా ఊళ్ళో ఒక రిటైరైన బస్సు కండక్టరు పాత పాటలంటే ఇష్టమున్నవాళ్ళందరినీ కలిపి ఒక గ్రూపు పెట్టాడు. ఉదయగిరి వాళ్ళు, ఆత్మకూరు వాళ్ళు, ఇక్కడ పుట్టి బెంగుళూరు, చెన్నై చేరినవాళ్ళు. ఎవరి దగ్గరో పాత క్యాసెట్టు దొరికితే ఫోనులోకి ఎక్కించి పెట్టేవారు. విని, బాగుందంటే బాగుందని రాసేవాళ్ళం. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు, తెలిసినట్టు నటించేవాళ్ళూ లేరు.

ఆయన అలాంటి చోటికి వచ్చాడు. ఆత్మకూరులో స్టీలు సామాన్ల అంగడి ఆయనది. వచ్చిన వారంలోనే కండక్టరుగారిని ఒప్పించి అడ్మిన్ అయ్యాడు. గ్రూపు పేరు మార్చాడు. "పాత పాటలు" అని ఉన్నది "సంగీతం, మీడియా, బిజినెస్" అయింది. ఈ మూడూ వేరువేరు కాదని, ఈ సంగతి మన జిల్లాలో ఇంకా ఎవరికీ తట్టలేదని మొదటి వాయిస్ మెసేజ్ పెట్టాడు. కండక్టరుగారు మర్యాదస్తుడు. ఒక నెల విని, ఎవరికీ చెప్పకుండా గ్రూపు వదిలి వెళ్ళిపోయాడు.

ఆయన ఎప్పుడూ రాసేవాడు కాదు, మాట్లాడేవాడు. ముందు గొంతు సవరించుకునే చప్పుడు, తర్వాత చిన్న నిశ్శబ్దం, తర్వాత "ఒక్క మాటలో చెప్పాలంటే" అని మొదలు. అది విన్నప్పుడల్లా నేను ఫోను కౌంటరు మీద పెట్టి, వచ్చిన పిల్లలకు జడపిన్నులు చూపించి, చిల్లర ఇచ్చి పంపేదాన్ని. తిరిగి వచ్చేసరికి ఆయన అదే ఒక్క మాటలో ఉండేవాడు.

పాటలకు మార్కులు వేసేవాడు. ఆరున్నర, ఏడు, ఏడుంపావు. ఎనిమిది ఎవరికీ వేయలేదు. ఏ పాటనూ చివరిదాకా వినడు. మొదట నాలుగు క్షణాలు వింటే చాలు, మిగతాది తనకు తెలిసిపోతుందని గర్వంగా చెప్పుకునేవాడు. ఒకసారి బెంగుళూరు నుంచి ఒకతను, చనిపోయిన వాళ్ళమ్మ ఎప్పుడో పాడిన జోలపాట పాత టేపులో దొరికిందని పెట్టాడు. అందరం కళ్ళు తుడుచుకుంటూ వింటున్నాం. ఆయన నుంచి మెసేజ్ వచ్చింది. "బేస్ తక్కువగా ఉంది బ్రదర్. ఆరు." ఆ అబ్బాయి దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. మళ్ళీ ఏమీ పంపలేదు.

వ్యాపారం మీద ఆయన పాఠాలు ఇంకా పొడుగు. మా ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే ఒకామె గ్రూపులో ఉండేది. తన చెంచాల ఫోటో పెట్టి, ఎవరికైనా కావాలంటే చెప్పమంది. "అమ్మా, నువ్వు చెంచా అమ్మకూడదు, ఒక కథ అమ్మాలి" అన్నాడు ఆయన. ఆమె నా కొట్టుకొచ్చినప్పుడు అడిగింది. "కథంటే ఏందక్కా? చెంచాతో పాటు కాగితం మీద రాసియ్యాల్నా?" నాకూ తెలియదన్నాను.

ఆయన వ్యాపారం ఎలా చేస్తాడో నేను కళ్ళారా చూశాను. మా చెల్లెలి కూతురి పెళ్ళికి సామాన్లు కొనాలని ఆత్మకూరు వెళ్ళి, తెలిసిన మనిషే కదా అని ఆయన అంగడికే పోయాను. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ముందు స్టాండు మీద ఫోను. చూడగానే చిరునవ్వు నవ్వి, ఆగమన్నట్టు అరచేయి చూపించాడు. మెసేజ్ చెబుతున్నాడు. నాకంటే ముందే సంగం వైపు పల్లె నుంచి వచ్చిన ఒక రైతు, ఆయన భార్య పళ్ళేలు, గిన్నెలు ఏరుకుని కుప్ప పెట్టి నిలబడి ఉన్నారు. వాటి మీద పేర్లు కొట్టించాలి. పేర్లు కొట్టే మిషను పక్కనే ఉంది. చప్పుడు మెసేజ్‌లో పడుతుందని ఆపించేశాడట.

"కస్టమర్ అంటే ఎవరు?" అని ఫోనును అడుగుతున్నాడు ఆయన. "కస్టమర్ మన వ్యాపారానికి గుండెకాయ. ఆయన చెప్పేది ముందు వినాలి. వినడం రానివాడు వ్యాపారానికి పనికిరాడు."

"ఏమయ్యా, పేర్లు కొట్టిస్తావా లేదా? బస్సుకు టైమైతా ఉండాది" అన్నాడు ఆ రైతు.

ఆయన అరచేయి మళ్ళీ లేచింది. రైతు ఆ చేతి వైపు కాసేపు చూశాడు. భార్యతో "పదమే" అన్నాడు. గిన్నెల కుప్ప అక్కడే వదిలి ఇద్దరూ ఎదురు అంగట్లోకి వెళ్ళిపోయారు. లోపలినుంచి ఆయన భార్య చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. సన్నటి మనిషి. అంగడి నడిపేది ఆమేనని ఆత్మకూరంతటికీ తెలుసు. ఆమె వచ్చేసరికి వాళ్ళు లేరు. గిన్నెలు ఒక్కొక్కటే మళ్ళీ అరల్లో సర్దడం మొదలుపెట్టింది.

"చూశారా సిస్టర్" అన్నాడు ఆయన నాతో. "మన చిన్న ఊళ్ళలో ఓపిక లేదు. అందుకే ఎదగలేకపోతున్నాం." రైతు గొంతు మధ్యలో పడిందని ఆ మెసేజ్ మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు. నేను ఆయన భార్య దగ్గర కావలసినవి తీసుకుని వచ్చేశాను.

ఇంతవరకైతే నవ్వుకుని మరిచిపోయేదాన్ని. ఇలాంటివాళ్ళు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. ఆయన్ని గుర్తుపెట్టుకున్నది మేకపిల్ల బొమ్మ అమ్మాయి వల్ల.

గ్రూపులో ఒక నంబరు ఉండేది. పేరు లేదు, ముఖం లేదు, ఫోటో స్థానంలో ఒక మేకపిల్ల. ఎప్పుడైనా ఒక పాట వచ్చేది. సినిమా పాటలు కాదు. తనే కట్టుకున్నవి. ఎండ మీద, తప్పిపోయిన మేక మీద, లారీ ఎక్కి పోయిన మొగుడి మీద. వెనకాల మేకల గంటలు, గాలి. పాట అయిపోగానే ఫోను ఆపడం ఆలస్యమై, "హెయ్, అటు పోబాక" అని మేకను తిట్టడం కూడా వినిపించేది. మాకు ఆ తిట్టూ ఇష్టమే. ఊరేదని మేము అడగలేదు. ఒకసారి నేను పేరడిగితే "వొద్దులే అక్కా, ఇట్టానే బాగుండాది" అంది. అలాగే ఉండనిచ్చాం.

ఆమె పాట వచ్చిన రోజున గ్రూపు కళకళలాడేది. ఆయన మెసేజ్‌లను వినేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు. అది ఆయనకు తెలిసింది. మొదట ఆమెకు ఐదున్నర వేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు ఆయనలోని మీడియా మనిషి నిద్ర లేచాడు. ఆయనకొక వీడియో ఛానల్ ఉండేది. అందులో ఆయనే మాట్లాడతాడు, ఆయన బంధువులే చూస్తారు.

ఆమె ఊరు ఎలా కనిపెట్టాడో తర్వాత ఆయనే గొప్పగా చెప్పుకున్నాడు. ఒక పాటలో దూరంగా మైకు వినిపిస్తుంది. పంచాయతీ వాళ్ళు చెరువు పనికి రమ్మని చాటింపు వేస్తున్నారు. చెవి ఒగ్గి మళ్ళీ మళ్ళీ వింటే ఊరి పేరు దొరికిందట. సీతారామపురం అవతల చిన్న పల్లె. ఆయన జీవితంలో చివరిదాకా విన్న పాట అదొక్కటే. అందులోనూ విన్నది పాట కాదు, వెనకాల మైకు.

ఒకరోజు కారు మాట్లాడుకుని, ఛానల్ గుర్తు అంటించిన మైకు పట్టుకుని వెళ్ళాడు. ఆ వీడియో నేను చూశాను. రాళ్ళ మధ్య నిలబడి ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. మరుగున పడిన మాణిక్యం, అడవి కోయిల, మట్టి పరిమళం. వెనకాల పాతికేళ్ళ అమ్మాయి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని "వొద్దు సార్, నేను పాడను సార్" అంటోంది. ఆ మాటల మీద వేణువు సంగీతం కలిపాడు. సిగ్గు అని కింద రాశాడు. పాట లేదు. ఆమె పేరుంది, ఊరుంది, మామగారి పేరుంది. చివర్లో, కళాకారిణిని ప్రోత్సహించదలచినవారు సంప్రదించవలసిందని ఆమె ఫోను నంబరుంది.

ఆ వీడియోను మాత్రం అందరూ చూశారు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం నా కొట్టు ముందు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడ్డారు. ఒకామె పెద్దది, చేతిలో గొడుగు. రెండో ఆమెను వీడియోలో చూశాను కాబట్టి గుర్తుపట్టాను.

"గ్రూపులో గాజుల కొట్టక్క నువ్వేనా?" అంది ఆ అమ్మాయి.

లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. ఆ గొంతును అంత దగ్గరగా వినడం అదే మొదలు. చిన్నగా, బొంగురుగా ఉంది.

"ఫోన్లు వస్తానే ఉండాయక్కా. ఎవురెవురో మొగోళ్ళు. కొందరు పాట పాడమంటారు. కొందరు పాట మాటే ఎత్తరు."

"మీ ఆయనకు తెలుసా?"

"ఆయన లారీ మీద పోతాడు. మర్రిపాడు కాడ టీకి ఆగినాడంట. పక్కన లారీ డ్రైవరు ఫోనులో నన్ను చూస్తా ఉండాడంట. నేను ఈయన పెళ్ళామని ఆ డ్రైవరుకు తెలీదు కదా. ఈయనకే చూపించి నవ్వినాడంట." మంచినీళ్ళు ఇంకో గుక్క తాగింది. "ఇంటికొచ్చి నన్నొక మాట అనలేదక్కా. సిమ్ము తీసి పొయ్యిలో ఏసినాడు. అన్నం తినకుండా పండుకున్నాడు."

పక్కనున్న పెద్దామె, వాళ్ళత్త, గొడుగును నేలకు ఆనించి అందుకుంది. "పాటంటే నాకేం కోపం లేదమ్మా. మేకలెనక పాడుకుంటది, మేకలింటాయి, నేనూ ఇంటా. ఇప్పుడు మేకల్ని కూడా ఈలేసి పిలస్తా ఉండాది. గొంతెత్తితే ఏ చెట్టు చాటున ఎవుడు ఫోను పట్టుకోని ఉంటాడో అని. ఆయప్పను చూడాల. తీస్కపో."

కొట్టుకు తాళం వేసి వాళ్ళతో ఆత్మకూరు బస్సెక్కాను.

ఆయన మమ్మల్ని చూసి నిజంగా సంతోషించాడు. అది నేను ఇప్పటికీ మరిచిపోలేను. కొంచెం భయమో సిగ్గో ఉంటుందనుకున్నాను. "రండి రండి, మన కోయిల వచ్చింది" అని లేచి, టీ తెమ్మని కేకేసి, ఫోను తీసి ఆమె ముఖం మీదికి పట్టాడు. అత్త చేయి చాచి ఆ ఫోను కన్ను మీద అరచేయి పెట్టింది.

"ఆ వీడియో తీసెయ్యి సార్" అంది అమ్మాయి.

"తల్లీ, ఒక్క మాటలో చెప్పాలంటే, అది ఇప్పుడు నాది కాదు, నీది కాదు. ప్రపంచానిది."

"ప్రపంచం నాకు ఫోన్లు చేస్తా ఉండాది సార్. తీసెయ్యి."

"కళాకారుడికి ఇవన్నీ మామూలు. మొదట్లో ఇబ్బందులుంటాయి. మూలాల్లోకి వెళ్తే..."

"నువ్వు మా ఇంట్లోకొచ్చినావు" అంది అత్త. "అడిగి వచ్చినావా?"

ఆయన అరచేయి లేచింది. ఆగమన్నట్టు. ఆ రైతుకు చూపించిన చేయే.

అప్పటిదాకా కౌంటరు వెనక గిన్నెలు తూకం వేస్తున్న ఆయన భార్య లేచి వచ్చింది. "ఏమండీ, ఆ నంబరు మీరే పెట్టినారా?" అని అడిగింది.

"నీకు తెలియదు. అది కంటెంటు."

"నాకు తెలియదు. పొద్దుననంగా లేచి ఇంత దూరం బస్సెక్కి వచ్చినారు వీళ్ళు. తీసేయండి."

"తర్వాత చూద్దాంలే."

ఆమె గొంతు పెంచలేదు. వెళ్ళి షట్టరు సగం దించింది. బయట ఇద్దరు ముగ్గురు గిరాకీ నిలబడి ఉన్నారు. వాళ్ళను చూసి కూడా దించింది. ఆ షట్టరు కిందే నిలబడి "మీరు తీసేదాకా ఇది లేవదు" అంది. బయటివాళ్ళు వంగి లోపలికి చూడడం మొదలుపెట్టారు. ఆయనకు చూసేవాళ్ళుంటే ఇష్టమే. కానీ ఇలా కాదు. ముఖం ఎర్రబడింది. ఫోను తీసుకుని, అద్దాలు పైకి తోసుకుని, వేలితో నొక్కి వీడియో తీసేశాడు.

తీసేస్తూ అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. "ఎట్లాగూ వ్యూస్ పడిపోయినాయిలే."

సాయంత్రానికి గ్రూపులో వాయిస్ మెసేజ్ వచ్చింది. కళాకారిణిని భరించే స్థాయికి మన సమాజం ఇంకా ఎదగలేదని, అందుకు తన గుండె రగిలిపోతోందని. గొంతు కూడా కొంచెం వణికించాడు. చప్పట్ల బొమ్మలు వరసకట్టాయి. నేను రాశాను. "ఆమె వద్దంది. వద్దన్నా పేరూ ఊరూ నంబరూ పెట్టింది సమాజం కాదు, మీరు." నా మెసేజ్ కింద ఎవరూ ఏమీ రాయలేదు. కాసేపటికి, గ్రూపులో ఇకమీదట అడ్మిన్ మాత్రమే మెసేజ్ పెట్టగలడని ఫోను చూపించింది. కొన్నాళ్ళు అందరం మౌనం పాటిద్దామని, వినడం నేర్చుకుందామని ఆయన ప్రకటించాడు. ఆ మౌనమంతా ఆయనే మాట్లాడాడు. వినేవాళ్ళు లేరని అర్థమయ్యాక మళ్ళీ తలుపులు తెరిచాడు. చప్పట్లు కొట్టడానికైనా మనుషులు కావాలి కదా.

నేను గ్రూపు వదల్లేదు. ఎందుకు వదల్లేదని మా ఆయన అడిగేవాడు. మేకపిల్ల బొమ్మ ఉన్న నంబరు ఆ జాబితాలో ఇంకా ఉందని చెప్పలేదు. సిమ్ము కాలిపోయినా నంబరు అక్కడే ఉంటుంది. అప్పుడప్పుడు తీసి చూసుకునేదాన్ని.

ఆయన పోయింది నడక నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నప్పుడట. మర్నాడు ఆత్మకూరు వెళ్ళి ఆయన భార్యను పలకరించాను. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. ఆమె ఏడవడంలో నాకు తప్పేమీ కనిపించలేదు. మనిషితో బతికిన మనిషి ఏడుస్తుంది. "ఆ ఫోను మోగతానే ఉండాదమ్మా. ఎట్లా ఆపాలో తెలియక గ్రూపులన్నిట్లోంచీ బయటికొచ్చేసినా" అంది.

ఇంటికొచ్చి చూస్తే నా పేరు పక్కన అడ్మిన్ అని ఉంది. ఉన్న అడ్మిన్ వెళ్ళిపోతే మిగిలినవాళ్ళలో ఎవరో ఒకరిని ఆ యంత్రమే నిలబెడుతుందట. పాతవాళ్ళలో నేనే మిగిలాను కాబోలు. అప్పటికే గ్రూపులో ఆన్‌లైన్ సంతాప సభ గురించి చర్చ నడుస్తోంది. ఎవరు అధ్యక్షత వహించాలి, ఎవరు ముందు మాట్లాడాలి, ఆయన ఫోటో పక్కన ఎవరి కంపెనీ పేరు వేయాలి. "అడ్మిన్ గారు స్పందించాలి" అని పదే పదే నన్ను పిలుస్తున్నారు.

నేను స్పందించలేదు. కొట్టు మా ఆయనకు అప్పగించి సీతారామపురం బస్సెక్కాను.

దిగి అడుగుతూ పోతే ఇల్లు దొరికింది. మధ్యాహ్నపు ఎండ. మేకలు చింతచెట్టు కింద నెమరేస్తున్నాయి. ఆ అమ్మాయి గడప మీద కూర్చుని ఆకులు తుంచుతోంది. ఒళ్ళో ఇప్పుడొక పాప. నన్ను చూసి లేచి నిలబడింది.

ఆయన పోయాడని చెప్పాను. అత్తాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎట్టా పోయినాడు?" అంది అత్త.

చెప్పాను.

"పాపం ఆయమ్మ" అంది అమ్మాయి.

గ్రూపు ఇప్పుడు నా చేతిలో ఉందని, రావాలనిపిస్తే కొత్త నంబరుతో చేరుస్తానని, ఎవరూ ఏమీ అడగకుండా చూసుకుంటానని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"వొద్దక్కా. అంతమంది నాకెందుకు? నువ్వొచ్చినావు కదా, నువ్వు ఇను."

అంది గానీ, వెంటనే మొదలుపెట్టలేదు. నా చేతి వైపు చూస్తోంది. నా చేతిలో ఫోనుంది. నేను గమనించుకునేలోపే అత్త లేచి వచ్చి దాన్ని తీసుకుంది. అడగలేదు. వాకిట్లో కోళ్ళ గంప ఎత్తి, కింద పెట్టి, మళ్ళీ బోర్లించి, దాని మీద ఒక రాయి కూడా పెట్టింది. వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఇంక పాడు" అంది కోడలితో.

మొదటి చరణంలో గొంతు జీరపోయింది. చాన్నాళ్ళు వాడని గొంతు. దగ్గి, నీళ్ళు తాగి మళ్ళీ ఎత్తుకుంది. ఒక మేక తలెత్తి చూసింది. గంప కింద ఫోను బర్రుమంది. ఆగింది. మళ్ళీ బర్రుమంది. సంతాప సభలో ఎవరు ముందు మాట్లాడాలో ఇంకా తేలినట్టు లేదు.

ఆమె పాట ఆపి నా వైపు చూసింది. "ఎవురక్కా?"

"ఎవరూ కాదులే" అన్నాను. "నువ్వు పాడు."